జామచెట్టు కింద పాతిపెట్టిన చేప

మా ఊరి చెరువులో ఆఫ్రికా చేపలు వదిలింది నేనేనని మా ఊళ్లో ఇప్పటికీ అనుకుంటారు. ఆ రోజు మా వాకిట్లో నిలబడ్డవాళ్లలో చాలామంది పోయారు. మాట మాత్రం పోలేదు, వాళ్ల పిల్లలకు ఆస్తిలాగా అందింది. మొన్నామధ్య ఒక పెళ్లిలో ఎవరి కోడలో నా పక్కన కూర్చుని, "చాపలు పెంచిన అవ్వ మీరేనట గదా" అని నవ్వుతూ అడిగింది. ఆ పిల్లకేం తెలుసు పాపం! నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. వదిలింది నేను కాదు. ఎవరు వదిలారో నాకు తెలుసు, వదిలినవాడికీ తెలుసు. వాడు చెప్పలేదు. నేను చెబితే ఎవరూ నమ్మలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మాది తిరుమలగిరికి దగ్గర ఊరు. మా నాన్నను బాపు అనేవాళ్లం, దర్జీ పని చేసేవాడు. తమ్ముణ్ణి కన్న కొన్నాళ్లకే అమ్మ పోతే, వాణ్ణి చంకనేసుకుని పెంచింది నేనే. నాకు పెళ్లయ్యాక మా ఆయన షోలాపూర్ మిల్లులో పనికని పోయి, అక్కడే ఇంకొకామెతో కాపురం పెట్టాడు. నేను బట్టలు మూట కట్టుకుని పుట్టింటికి వచ్చేశాను. ఆ మూట నా చేతిలోంచి అందుకుంటూ తమ్ముడు, "ఎవ్వడు లేకున్న నేనున్న గదక్కా, నీకేం ఫికర్" అన్నాడు. అప్పటికి వాడికి మీసాలు కూడా సరిగా రాలేదు. ఆ ఒక్క మాట పట్టుకుని ఎన్నో ఏళ్లు బతికాను నేను.

చెరువుల్లో చేపలు పెంచే సర్కారు శాఖలో పనిచేసే ఒకాయన మా ముందుగది కిరాయికి తీసుకున్నాడు. చాపల సారు అనేవాళ్లం. ఆయన వస్తూ వస్తూ ఒక గాజుపెట్టె తెచ్చాడు. ఇనుప చట్రానికి నాలుగు వైపులా అద్దాలు బిగించి, సందుల్లో లప్పం పెట్టిన పెట్టె. అందులో వేలెడంత చేపలు కొన్ని. ఆఫ్రికా చేపలట, సముద్రాలు దాటి వచ్చాయట. చేపను బుట్టలో, కూరలో తప్ప చూడని మాకు అదో వింత. ఊరు ఊరంతా మా గడప తొక్కింది. సారు పొద్దంతా చెరువుల వెంట తిరిగేవాడు, చేపల పని నా మీద పడింది. పడిందని అంటున్నాను గానీ, అడిగి మరీ మీదేసుకున్నాను. మొగుడు వదిలేసిన ఆడదానికి ఊళ్లో ఎవరి కళ్లలోకి చూసినా జాలే కనిపిస్తుంది. ఆ చేపలు మాత్రం నన్ను చూడగానే తవుడు కోసం అద్దం దగ్గరికి పరుగెత్తుకొచ్చేవి. అంతకంటే ఏం కావాలి నాకు!

మా ఊరికి అప్పటికి కరెంటు లేదు. నీళ్లకు గాలి తగలాలని సారు చెప్పాడని, రోజూ చెంబుతో నీళ్లు తోడి ఎత్తునుంచి మళ్లీ అందులోనే పోసేదాన్ని. ఎండాకాలం పెట్టె చుట్టూ తడి గోనెసంచి కప్పేదాన్ని, చలికాలం పక్కన కుంపటి పెట్టేదాన్ని. బాపు మిషను తొక్కుతూ, "నన్ను గిట్ల చూసుకున్నవా ఎప్పుడన్న?" అని ఎత్తిపొడిచేవాడు.

సారుకు నల్లగొండకు బదిలీ అయినప్పుడు, బస్సు మీద గాజుపెట్టె పోదు గనక నాకే వదిలేశాడు. "వీటిని చెరువుల్లో వదలొచ్చా కూడదా అని మా పెద్దవాళ్లే ఇంకా తేల్చుకోలేదమ్మా, నువ్వు ఇంట్లో పెంచుకో" అన్నాడు నాతో. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. బస్సెక్కబోతూ తమ్ముడి భుజం తట్టి, "ఎవరైనా ఒక చెరువులో వీటిని పెంచి చూపిస్తే, అలాంటివాణ్ణి మా శాఖలో పెట్టుకోమని నేనే చెబుతానోయ్" అన్నాడు. ఊరికే అన్న మాట అనుకున్నాను నేను. తమ్ముడు అలా అనుకోలేదు.

అందులో మగది నల్లగా, రెక్కల అంచులు ఎర్రగా, మహా పొగరుగా ఉండేది. నోటితో ఇసుక తీసి తీసి సాసరంత గుంట చేసి, దాని చుట్టూ కాపలా తిరిగేది. ఒకనాడు పెద్ద ఆడచేపను తరిమి తరిమి అద్దానికేసి కొట్టింది. ఆడదాని ఎడమ కన్ను తెల్లబడిపోయింది. అప్పటినుంచి దాన్ని ఒంటికన్నుది అనేదాన్ని. మగదాన్ని తిట్టని రోజు లేదు. నా తిట్లలో సగం షోలాపూర్‌కు పోవాల్సినవని బాపుకు తెలుసు, ఏమీ అనేవాడు కాదు.

ఆ శ్రావణమాసంలో ఒంటికన్నుది తిండి మానేసింది. తవుడు వేస్తే అన్నీ ఎగబడుతున్నాయి, ఇది మాత్రం మూలకు చేరి, మూతి బిగించుకుని, తల ఇటు తిప్పడం లేదు. దవడ కింద ఉబ్బి ఉంది. రోజులు గడుస్తున్నా అంతే. ఎదురింటి చాపల వదినెను పిలిచాను. వాళ్లది తాతల నాటినుంచి మా చెరువులో వలలేసే ఇల్లు. ఆమె నాకు చుట్టం కాదు, అయినా నేను వదినె అనేదాన్ని. నేను పుట్టింటికి తిరిగొచ్చిన రోజు ఏమీ అడగకుండా గిన్నెడు చేపల పులుసు తెచ్చి పెట్టిన మనిషి ఆమె ఒక్కతే. ఆమె కూడా ఇలాంటిది చూడలేదు. చాలాసేపు అద్దానికి ముక్కు ఆనించి చూసి, చివరికి తేల్చేసింది.

"రోగం గాదు పిల్లా. శ్రావణమాసం గదా, గిది ఒక్కపొద్దు పట్టింది."

"చాపకు ఒక్కపొద్దేందే! మీ తెలివి తెల్లారినట్టే ఉంది" అన్నాడు బాపు.

బాపు మాట ఎవరు వింటారు? సాయంత్రానికల్లా వాడకట్టు ఆడవాళ్లంతా కుంకుమ భరిణెలతో దిగారు. ఉపవాసమున్న ముత్తైదువకు పెట్టినట్టు అద్దం మీద బొట్లు పెట్టారు. ఒకామె రెండు చేతులూ జోడించి, మొగుడి తాగుడు మానిపించమని మొక్కుకుంది కూడా! నేనూ నమ్మాను. నవ్వుకుంటే నవ్వుకోండి. దాని ఒక్కపొద్దు చెడకూడదని దాని ఎదురుగా నేను కూడా తినలేదు.

ఒక పొద్దున చూస్తే దాని మూతి ముందు ఆవగింజల్లాంటివి గుంపుగా కదులుతున్నాయి. పిల్లలు! లెక్కకు అందనన్ని. నా కేకకు వదినె పరుగెత్తుకొచ్చింది. ఆమె నీడ అద్దం మీద పడగానే ఒంటికన్నుది నోరు తెరిచింది, పిల్లలన్నీ జరజరా లోపలికి పోయాయి.

"అయ్యో అయ్యో, కన్న పిల్లల్ని మింగుతాంది!" అని వదినె నెత్తి బాదుకుంది. మేమిద్దరం కదలకుండా నిలబడ్డాం. కాసేపటికి ఒంటికన్నుది మళ్లీ నోరు తెరిచి పిల్లల్ని బయటికి వదిలింది. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. ఇన్నాళ్లూ గుడ్లనూ పిల్లలనూ నోట్లో పెట్టుకుంది, అందుకనే తిండి మానుకుంది. నాకు ఏడుపొచ్చింది. వెనక నిలబడి తమ్ముడు కూడా అంతా చూశాడు. ఆనాటినుంచి మా ఇంట్లో ఏ చేప మూతి బిగించినా, "అక్కా, ఒక్కపొద్దు పట్టింది" అని ముందు చెప్పేది వాడే.

వదినెకు మాత్రం భయం పట్టుకుంది. పెట్టె దగ్గరే కూలబడింది.

"పిల్లా, ఒక్కటి గిన్ని పిల్లల జేసి నోట్ల వెట్టుకోని కాపాడుకుంటె, గివి మా చెరువుల వడితె ఏమైతది? మా కొర్రమట్టలు, మా జెల్లలు బతుకుతయా? మా నోట్ల మన్నే గదా!"

"గవి చెరువులకెందుకు వోతయి వదినె?"

"పోవని ఒట్టెయ్యి. గా నీళ్లల్ల చెయ్యి వెట్టి గంగమ్మ మీద ఒట్టెయ్యి."

గాజుపెట్టె నీళ్లలో చెయ్యి ముంచాను. గంగమ్మ సాక్షిగా ఈ పెట్టెలోంచి ఒక్క చేప కూడా చెరువుకు పోదని ఒట్టేశాను. చేపలు వచ్చి నా వేళ్లను పొడుస్తుంటే ఇద్దరం నవ్వాం. తర్వాత పెట్టెలో పిల్లలు ఎదిగి ఎక్కువైనప్పుడల్లా ఆమే తీసుకెళ్లి ఇంట్లో వండుకునేది. నా చేత్తో పెంచినవి నేను తినలేకపోయేదాన్ని.

తమ్ముడు ఏడో తరగతి గట్టెక్కి ఖాళీగా తిరుగుతున్న రోజులవి. ఒకరోజు నేను చెంబుతో నీళ్లు పోస్తుంటే పక్కన చేరాడు.

"అక్కా, జర కొన్ని పిల్లలియ్యవా. చెరువుల ఇడుస్త. సారు చెప్పిండు గదా, నౌకరి ఇప్పిస్తడు."

"నేను ఒట్టేసిన్రా."

"ఒట్టు గిట్టు ఎవలు జూసిండ్రు!"

"గంగమ్మ జూసింది, వదినె జూసింది. ఇంకోపారి గా మాటెత్తకు."

వాడు నవ్వేసి, "ఊకెనే అడిగిననే, గింత దానికి కోపమా" అని నా జడ పట్టుకుని లాగాడు. నేను కూడా నవ్వేశాను.

కొన్నాళ్లకు ఒంటికన్నుది మళ్లీ ఒక్కపొద్దు పట్టింది. అదే సమయానికి మోత్కూర్‌లో మా చిన్నమ్మ మనుమడి పుట్టువెంట్రుకలు. పోక తప్పదు. పోతూ పోతూ తమ్ముడికి పదిసార్లు చెప్పాను, దాన్ని కదిలించకు, బెదిరితే పిల్లల్ని నిజంగానే మింగేస్తుంది అని. "నేను లేనా అక్కా, నువ్ నిమ్మలంగ పోయిరా" అన్నాడు.

మర్నాడు వచ్చేసరికి వాడు గడపలో కూర్చుని ఉన్నాడు, మొహం వేలాడేసుకుని.

"ఒంటికన్నుది సచ్చిపోయిందక్కా. పొద్దుగాల జూస్తె నీళ్ల మీద తేలింది. నువ్వు జూస్తె తట్టుకోవని నేనే జామచెట్టు కింద పాతిపెట్టిన."

పెరట్లోకి తీసుకెళ్లి చూపించాడు. జామచెట్టు మొదట్లో చిన్న మట్టి దిబ్బ, మీద ఒక చదును రాయి, దాని మీద పసుపు. పసుపు కూడా చల్లాడు! ఎంత ఆలోచించాడో చూడండి. నేను ఆ దిబ్బ ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. మొగుడు వదిలేసి పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. అన్నం ముట్టకపోతే వాడే పళ్లెంలో కలిపి తెచ్చి, "ఒక్క ముద్ద తిను అక్కా, నా మీద ఒట్టు" అని నోట్లో పెట్టాడు. తిన్నాను. వాడు నా నోట్లో పెట్టిన ఆ ముద్ద ఇన్నేళ్లకూ అరగలేదు.

వానాకాలం పోయాక సారు నల్లగొండ నుంచి జీపులో వచ్చాడు. తమ్ముడు ఆయన్ను వెంటబెట్టుకుని చెరువు వైపు వెళ్లాడు. సారుకు చెరువుగట్టు చూపించడానికనుకున్నాను. కొన్ని వారాలకు తమ్ముడికి నల్లగొండలో అదే శాఖలో నౌకరి వచ్చింది. "సారుకు నా చేతిరాత నచ్చిందక్కా" అన్నాడు. నా సంతోషం ఏం చెప్పను! పళ్లెం నిండా బెల్లం ముక్కలు పెట్టుకుని వాడకట్టంతా పంచాను. మొదటి ముక్క వదినె నోట్లో పెట్టాను.

ఆ మరుసటి ఎండాకాలం చెరువు అడుగంటుతుండగా పెద్ద వలలు దింపారు. తమ్ముడు సెలవు మీద ఇంట్లో ఉన్నాడు. ఎండ ఎక్కుతుండగా వదినె మా వాకిట్లోకి వచ్చింది, నెత్తి మీద కుండ, వెనక వాళ్ల మగవాళ్లు, వాడకట్టు జనం. నేను ఎదురెళ్లి కుండ దింపబోయాను. నా చెయ్యి విసిరికొట్టింది.

"ముట్టకు! నీ చెయ్యి నీళ్లల్ల వెట్టి ఒట్టేసినవ్, ఆ చేతితోని నన్ను ముట్టకు!"

కుండ నేల మీద పెట్టింది. తొంగి చూశాను. జానెడు కంటే పొడుగున్న ఆఫ్రికా చేప. చుట్టూ ఆవగింజల్లాంటి పిల్లలు, కుండలో బెదిరి కక్కేసినట్టుంది.

"వల నిండ గివే పిల్లా! కొర్రమట్ట ఒక్కటి లేదు. ఒడ్డుపొంటి సూస్తె అన్నీ గుంతలే, నీ ఇంట్ల సూసినమే, గవే గుంతలు. నీకు మేమేం పాపం జేసినం?"

అంతలో చేప కుండలో పక్కకు తిరిగింది. ఎడమ కన్ను తెల్లగా ఉంది.

ఒంటికన్నుది. నేను ఏడ్చి ఏడ్చి పూడ్చిపెట్టుకున్న నా ఒంటికన్నుది. తలెత్తి తమ్ముడి వైపు చూశాను. వాడు కుండలోకి చూశాడు, ఆ కన్ను చూశాడు, తల దించుకున్నాడు. అంతే, నాకు అంతా తెలిసిపోయింది. కొన్ని పిల్లలివ్వమని అడిగినవాడు, నేను ఇవ్వనంటే నోటినిండా పిల్లలున్న తల్లినే ఎత్తుకుపోయాడు. ఆ తల్లి ఒక్కపొద్దులో ఉందని వాడికి తెలుసు. తెలిసే అదను చూసి తీసుకుపోయాడు.

నేను పెరట్లోకి పరుగెత్తాను. జనం నా వెనకే వచ్చారు. జామచెట్టు కింద ఆ చదును రాయి తీసి పారేసి చేతులతో తవ్వాను. గోళ్లు విరిగాయి. మట్టి తప్ప ఏమీ లేదు.

"సూడున్రి! ఏం లేదు! గీడ పాతిపెట్టిన అన్నడు. గా చాపే గీ చాప. వీడే తీస్కపోయి చెరువుల ఇడ్సిండు!"

"చాప ఎముకలు ఇన్నొద్దులు ఉంటయా" అన్నారెవరో. ఇంకెవరో నవ్వారు. నేను మట్టి చేతులతో, జుట్టు విరబోసుకుని ఎలా కనిపించానో నాకు తెలుసు.

"చెప్పురా! నువ్ చెప్పు!" అన్నాను తమ్ముడితో.

వాడు వచ్చి నా భుజాలు పట్టుకుని లేపాడు. ఎంత మెల్లగా లేపాడో! వదినె వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

"మా అక్క తెల్వక చేసింది వదినె. మొగడు ఇడ్సిపెట్టినకాంచి మనసు మనసుల లేదామెకు. నా మొకం జూసి మాఫ్ చెయ్యి."

నా తరఫున క్షమాపణ అడిగాడు! చేసింది వాడు, మాఫీ అడిగింది నాకు. జనమంతా వాడి వైపు జాలిగా చూశారు, ఎంత మంచి తమ్ముడు అన్నట్టు. నేను అరిచాను, గుండెలు బాదుకున్నాను. ఎంత అరిస్తే వాడి మాట అంత నిజమైంది.

వదినె నా దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించింది. "చాపలిడిస్తె ఇడిస్తివి. తెల్వక అని ఊకుందును. గని చేసిన తప్పు చేతులమీద పెంచిన పోరని మీద పెడ్తున్నవ్ సూడు, గది నేను మర్వ" అంది. కుండ ఎత్తుకుని వెళ్లిపోయింది.

జనం పోయాక బాపు మిషను దగ్గరే కూర్చుని ఉన్నాడు. పోయి ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాను. ఆయనైనా నన్ను నమ్మాడేమో అని మొహంలోకి చూశాను. నమ్మాడు. అదే ఘోరం.

"నాకెర్కే బిడ్డా" అన్నాడు. "వాడు బిందె వట్టుకోని పోంగ నేను సూసిన. నువ్వు ఆడిదానివి, ఇంట్ల ఉంటవు, ఓ మాట పడితె పడ్డవ్. వాడు సర్కారు నౌకరోడు. బయటవడితె నౌకరి పోతది. ఊకో."

ఊకున్నాను. ఇంకేం చేయను? గాజుపెట్టెలో మిగిలిన చేపలను వదినె వాళ్ల గడపలో పెట్టించాను. వాళ్లు ముట్టలేదు, కుక్కలు తిన్నాయి. పెట్టె అటక మీదికెక్కింది.

వదినె చేపల బుట్టతో రోజూ మా వీధిలోనే పోయేది. పక్కింటిదాకా "చాపలోయ్ చాపలు" అని కేకేస్తూ వచ్చి, మా గడప ముందు నోరు మూసుకుని, దాటాక మళ్లీ కేక అందుకునేది. ఏళ్లు గడిచాయి. బాపు పోయాడు. ఆ మౌనానికి అలవాటు పడలేకపోయాను. ఒకరోజు ఉండబట్టలేక ఎదురెళ్లి, "వదినె, నాకిన్ని చాపలియ్యి" అని కొంగులోని డబ్బులు చాపాను.

ఆమె నా చెయ్యి చూసింది గానీ డబ్బులు తీసుకోలేదు. బుట్టలోంచి ఒక ఆఫ్రికా చేప తీసి మా అరుగు మీద పెట్టింది.

"నీ చాపలే గదా. ఊకెనే తీస్కపో" అంది. అని కేకెయ్యకుండానే ముందుకు పోయింది.

ఆ చేప పక్కన ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. మధ్యాహ్నానికి తమ్ముడు నల్లగొండ నుంచి వచ్చాడు. ఆకలైతాంది అక్కా అన్నాడు. లేచి, ఆ చేపనే కడిగి, కోసి, చింతపండు పులుసు పెట్టి వండాను. పీట వేసి వడ్డించాను. ఇష్టంగా తిన్నాడు, మళ్లీ పెట్టించుకున్నాడు.

"మస్తుందక్కా. ఏం చాప ఇది?"

"నువ్వు జామచెట్టు కింద పాతిపెట్టినదాని బిడ్డ" అన్నాను.

ముద్ద నోటి దగ్గర ఆగింది. నా వైపు చూడలేదు. ఇప్పుడైనా లేచి ఎదురింటికి పోతాడేమో, ఒక్క మాట చెప్పి వస్తాడేమో అని గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఎదురింటి తలుపు తీసే ఉంది. వదినె అరుగు మీద కూర్చుని వల అల్లుకుంటూ కనిపిస్తూనే ఉంది.

వాడు ఆ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ముల్లు తీసి పళ్లెం అంచున పెట్టి, "ఇంకింత పులుసు వొయ్యక్కా" అన్నాడు.